జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లను పోల్చడం ఎలా: పేజీ ఒకవైపు, లాజిక్ ఒకవైపు నిలవాలంటే

జావాలో కొత్త వెబ్ అప్లికేషన్ మొదలుపెట్టే ప్రతి టీమ్‌లోనూ మొదటి వారంలోనే ఒక చర్చ వస్తుంది. స్ప్రింగ్ ఎంవీసీ వాడదామా, ఫేసెస్ వాడదామా, వికెట్ వాడదామా, లేకపోతే వెనక డేటా మాత్రమే ఇచ్చే ఒట్టి ఏపీఐ పెట్టి, ముందు బ్రౌజర్‌లో పేజీ కట్టే రియాక్ట్ పెట్టేద్దామా? ఎవరికి ఏది అలవాటో చెప్పుకోవడంతోనే ఆ చర్చ చాలాసార్లు అయిపోతుంది. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రెండేళ్లయ్యాక, టీమ్‌లో సగం మంది మారిపోయాక, డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరో ఒకరు పేజీలోనే రెండు లైన్ల లెక్క రాసేయాలని చూసినప్పుడు ఈ ఫ్రేమ్‌వర్క్ వాళ్లను ఆపుతుందా, ఊరుకుంటుందా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికి ఒక అప్లికేషన్ వచ్చింది. అందులో ఆలస్య రుసుము లెక్క మార్చాల్సి వచ్చింది. రూల్స్, లెక్కలు ఉండే సర్వీస్ క్లాసులో మార్చాను. స్క్రీన్ మీద పాత అంకే కనిపించింది. వెతికితే అదే లెక్క జేఎస్పీలో, అంటే లోపలే జావా రాయనిచ్చే పేజీ ఫైలులో కూడా ఉంది, అక్కడా మార్చాను. ప్రింట్ కోసం తీసే పేజీలో అదే లెక్క మూడోసారి ఉన్న సంగతి, వాడేవాళ్లు రెండు అంకెలు తేడాగా ఉన్నాయని ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. ఆ అప్లికేషన్ ఎంవీసీ ఫ్రేమ్‌వర్క్ మీదే కట్టారు, అంటే డేటా ఉండే మోడల్, దాన్ని చూపే వ్యూ, రిక్వెస్ట్ అందుకునే కంట్రోలర్ అని మూడుగా విడదీసే పద్ధతి. కంట్రోలర్లు ఉన్నాయి, మోడల్ ఉంది, వ్యూ ఫోల్డర్ ఉంది. విడదీయడం మాత్రం లేదు.

అప్పటి నుంచి ఏ ఫ్రేమ్‌వర్క్ చూసినా నేను ముందు చూసేది అది ఏం చేయనిస్తుందని కాదు, టెంప్లేట్‌లో, అంటే డేటా నింపితే పేజీ అయ్యే ఫైలులో, ఏం చేయనివ్వదని. ఈ మార్గదర్శి అంతా ఆ చూపుతోనే రాశాను.

అడుగు 1: గీత ఎక్కడ గీయాలో ముందు మీరే తేల్చుకోండి

ఫ్రేమ్‌వర్క్ పేరు ఎత్తకముందు చేయాల్సిన పని ఇది. ఒక గ్రంథాలయం అప్లికేషన్‌లో సభ్యుడి ఖాతా పేజీ అనుకుందాం. తీసుకున్న పుస్తకాల పట్టిక, గడువు దాటినవి ఎర్రగా, కట్టాల్సిన రుసుము మొత్తం, అర్హత ఉన్న పుస్తకం పక్కన 'రెన్యూ' బటన్, కింద ఈమెయిల్ మార్చుకునే ఫారమ్. ఈ పేజీలో ఉన్న నిర్ణయాలన్నీ కాగితం మీద రాయండి.

పుస్తకం గడువు దాటిందా లేదా? ఇది అప్లికేషన్ లాజిక్. సెలవు రోజులు లెక్కలోకి వస్తాయా, ఒకటి రెండు రోజుల వెసులుబాటు ఉందా అనే రూల్స్ ఇందులో ఉంటాయి. గడువు దాటిన వరుసను ఎర్రగా చూపాలా, పక్కన గుర్తు పెట్టాలా? ఇది ప్రెజెంటేషన్. రెన్యూ చేయడానికి అర్హత ఉందా? అప్లికేషన్ లాజిక్. అర్హత లేనప్పుడు బటన్ దాచేయాలా, నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉంచాలా? ప్రెజెంటేషన్. తేదీని ఏ ఫార్మాట్‌లో రాయాలి, పట్టికలో ఒక వరుస వదిలి ఒక వరుసకు రంగు వేయాలా అన్నవీ ప్రెజెంటేషనే.

అంటే వ్యూలో లాజిక్ అసలే ఉండకూడదని కాదు. లూప్ ఉంటుంది, 'ఇది ఉంటే అది చూపు' అనే షరతు ఉంటుంది. తేడా ఎక్కడంటే, 'గడువు దాటిందా' అనే జవాబు అవునో కాదో ముందే తేలి టెంప్లేట్‌కు రావాలి. ఈరోజు తేదీని గడువు తేదీతో టెంప్లేట్ పోల్చి చూసుకుంటే మాత్రం రూల్ అవతలికి జారిపోయినట్టే.

ఎటూ తేలనివి కూడా కొన్ని ఉంటాయి. పట్టికను పేరు ప్రకారం సర్దమని వాడేవాళ్లు కాలమ్ మీద నొక్కితే, ఆ కోరిక ప్రెజెంటేషన్‌ది, ఆ పని డేటాబేస్‌ది. నేనైతే కోరికను కంట్రోలర్ దగ్గర అర్థం చేసుకుని, సర్దే పని సర్వీసుకు అప్పగిస్తాను. మీరు వేరేలా తేల్చుకోవచ్చు, కానీ తేల్చుకున్నది ఒకచోట రాసిపెట్టుకోండి.

ఈ గీత గురించి ఇప్పటిదాకా వచ్చిన వాటిలో స్పష్టమైన మాట టెరెన్స్ పార్‌ది. స్ట్రింగ్‌టెంప్లేట్ అనే టెంప్లేట్ ఇంజిన్ (టెంప్లేట్‌లో డేటా నింపి పేజీ తయారుచేసే లైబ్రరీ) రాసిన ఆయన 2004లో ఒక పరిశోధన పత్రంలో ఐదు నియమాలు పెట్టారు. వ్యూ మోడల్‌ను మార్చకూడదు. మోడల్ నుంచి వచ్చిన విలువల మీద లెక్కలు చేయకూడదు. ఆ విలువలను పోల్చకూడదు. వాటి డేటా టైపు ఫలానా అని అనుకోకూడదు. ఐదోది అటు నుంచి ఇటు: మోడల్ నుంచి వచ్చే డేటాలో రంగు, లేఅవుట్ లాంటి సమాచారం ఉండకూడదు. ఐదోదాన్ని చాలామంది మర్చిపోతారు. పేజీ రంగు, రూపం నిర్ణయించే సీఎస్ఎస్ క్లాసు పేరును సర్వీస్ క్లాసులో తయారు చేసి పంపడం కూడా గీత దాటడమే. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకోండి, ముందుముందు వీటితోనే కొలుస్తాం.

అడుగు 2: ఒకే పేజీని అన్నింటిలోనూ కట్టండి

ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి పోలిస్తే పెద్దగా ఏమీ తేలదు, అందరి పట్టికలోనూ టిక్కులే ఉంటాయి. పైన చెప్పిన సభ్యుడి ఖాతా పేజీనే తీసుకుని, మీరు ఆలోచిస్తున్న రెండు మూడు ఫ్రేమ్‌వర్క్‌లలో విడివిడిగా కట్టండి. ఒక జాబితా, ఒక షరతు, ఒక మొత్తం, తప్పులు చూపే ఒక ఫారమ్ ఉన్న పేజీ అయితే చాలు. సర్వీస్ క్లాసులు మాత్రం ఒకే ప్రాజెక్టులో ఒక్కసారే రాసి, వాటినే అన్నిచోట్లా వాడండి. ఏదైనా ఫ్రేమ్‌వర్క్ కోసం సర్వీస్ క్లాసులో చెయ్యి పెట్టాల్సి వస్తే, ఎందుకు పెట్టాల్సి వచ్చిందో నోట్ చేసుకోండి. మీకు కావలసిన సమాచారంలో చాలా భాగం ఆ నోట్‌లోనే దొరుకుతుంది.

అడుగు 3: ఏది ఏ కుటుంబానిదో గుర్తుపట్టండి

ఎంవీసీ ఆలోచన వెబ్ కంటే పాతది. 1979లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ డెస్క్‌టాప్ తెరల కోసం దాన్ని రూపొందించారు. వెబ్‌లో రిక్వెస్ట్ వస్తుంది, రెస్పాన్స్ పోతుంది, అంతటితో ఆ మాట ముగుస్తుంది. మోడల్ మారగానే వ్యూ దానంతటదే మారే పాత పద్ధతి అక్కడ కుదరలేదు. ఆ ఇబ్బందికి దొరికిన వేర్వేరు జవాబులే ఈ కుటుంబాలు.

మొదటిది రిక్వెస్ట్ ఆధారిత కుటుంబం. స్ట్రట్స్, స్ప్రింగ్ ఎంవీసీ, జకార్తా ఎంవీసీ ఇందులోవి. రిక్వెస్ట్‌ను కంట్రోలర్ అందుకుని, సర్వీసును పిలిచి, ఫలితాన్ని మోడల్‌లో పెట్టి, ఒక వ్యూ పేరు తిరిగిస్తుంది. రెండోది కాంపోనెంట్ కుటుంబం: ఫేసెస్, వికెట్, టాపెస్ట్రీ, వాడిన్. ఇక్కడ పేజీ అంటే బటన్లు, పట్టికలు, ఫారమ్‌లు అనే ఆబ్జెక్టుల చెట్టు. మూడోదాంట్లో జావా ఒట్టి డేటాను జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఇస్తుంది, పేజీ బ్రౌజర్‌లో తయారవుతుంది.

రిక్వెస్ట్ ఆధారిత ఫ్రేమ్‌వర్క్ ఎంచుకుంటే పని సగమే అయిందని గుర్తుంచుకోండి. కంట్రోలర్‌ను సర్వీసు నుంచి వేరుచేసేది ఫ్రేమ్‌వర్క్. పేజీని లాజిక్ నుంచి వేరుచేసేది టెంప్లేట్ ఇంజిన్. ఈ రెండూ వేర్వేరు ఎంపికలు, వేర్వేరుగానే పోల్చాలి.

అడుగు 4: ఒక్కొక్కదాన్నీ ఆ ఐదు నియమాలతో చూడండి

జేఎస్పీ 1999లో వచ్చింది. అంతకు ముందు రిక్వెస్ట్‌కు జవాబిచ్చే జావా క్లాసులైన సర్వ్‌లెట్లలో హెచ్‌టీఎంఎల్‌ను ప్రింట్ స్టేట్‌మెంట్లతో రాసేవాళ్లు, అంటే జావా లోపల పేజీ ఉండేది. జేఎస్పీ దాన్ని తిరగేసి పేజీ లోపల జావా పెట్టింది. స్క్రిప్ట్‌లెట్లు, అంటే పేజీలోని ఆ జావా ముక్కలు, ఉన్నంతకాలం ఐదు నియమాల్లో ఒక్కటీ నిలవదు, పేజీలోంచే డేటాబేస్ తెరవచ్చు. తర్వాత లూప్, షరతు లాంటివి రాసే జేఎస్‌టీఎల్ ట్యాగులు, 2003లో జేఎస్పీ 2.0తో విలువలను చూపే ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ వచ్చి ఇది చాలావరకు సర్దుకుంది. అయితే జేఎస్‌టీఎల్‌లోనే డేటాబేస్‌ను నేరుగా అడిగే ఎస్‌క్యూఎల్ ట్యాగులు కూడా ఉన్నాయి, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఇప్పటికీ జేఎస్పీలో ఉంటే ఒక మంచి ఉపాయం ఉంది: అప్లికేషన్ సెట్టింగ్‌ల ఫైలు వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో స్క్రిప్ట్‌లెట్లు చెల్లవని ఒక సెట్టింగ్ పెట్టవచ్చు. అది పెట్టాక స్క్రిప్ట్‌లెట్ ఉన్న పేజీ కంపైలే కాదు. ఇంకో సంగతి, జేఎస్పీలో డాలర్ బ్రాకెట్ ఎక్స్‌ప్రెషన్ హెచ్‌టీఎంఎల్‌ను దానంతటది ఎస్కేప్ చేయదు, అంటే డేటాలోని ట్యాగులను ఒట్టి అక్షరాలుగా మార్చదు, సీ-అవుట్ ట్యాగు చేస్తుంది. కొత్త ప్రాజెక్టుకు జేఎస్పీ వద్దనే నా సలహా. స్ప్రింగ్ బూట్‌లో నేరుగా నడిచే జార్ ఫైలు చేసుకుంటే జేఎస్పీలు అందులో పనిచేయవు కూడా.

స్ట్రట్స్‌ను క్రెగ్ మెక్‌క్లానహన్ 2000లో అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చారు. జావా వెబ్ ప్రపంచానికి కంట్రోలర్ అలవాటు చేసింది అదే. స్ట్రట్స్ 1కు 2013లో సపోర్ట్ ముగిసింది. స్ట్రట్స్ 2 దాని కొనసాగింపు కాదు, వెబ్‌వర్క్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్ నుంచి పుట్టింది. దాని పేజీల్లో వాడే ఓజీఎన్ఎల్ ఎక్స్‌ప్రెషన్ భాష చాలా బలమైనది, మెథడ్లు పిలవగలదు, విలువలు మార్చగలదు. ఆ బలం ఎంత ప్రమాదమో 2017లో లోకం చూసింది. రిక్వెస్ట్‌లోని కంటెంట్-టైప్ హెడర్‌లో పెట్టిన ఎక్స్‌ప్రెషన్‌ను స్ట్రట్స్ నడిపేసే లోపం, సీవీఈ-2017-5638, బయటపడింది. ఆ దారిలోనే అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ లోపం పేజీలో ఎవరో లాజిక్ రాయడం వల్ల వచ్చింది కాదు, అది వేరే సంగతి. కానీ చూపించడానికి వాడే భాషకు చూపించడానికి కావలసినంత శక్తే ఉండాలని నేను గట్టిగా అనడానికి అది పెద్ద కారణం.

స్ప్రింగ్ ఎంవీసీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే చాలామంది చివరికి చేరేది ఇక్కడికే. డిస్పాచర్ సర్వ్‌లెట్ రిక్వెస్ట్‌ను అందుకుంటుంది, సరైన కంట్రోలర్ మెథడ్‌ను వెతుకుతుంది, ఆ మెథడ్ మోడల్ నింపి వ్యూ పేరు ఇస్తుంది, వ్యూ రిజాల్వర్ ఆ పేరును అసలు టెంప్లేట్‌గా మారుస్తుంది. కంట్రోలర్‌కు థైమ్‌లీఫ్ ఉందో ఫ్రీమార్కర్ ఉందో తెలియాల్సిన పనే లేదు. ఈ మధ్యలోని వ్యూ పేరు అనే సన్నని అతుకే స్ప్రింగ్ ఎంవీసీలో నాకు బాగా నచ్చే భాగం. లోపం ఏమిటంటే, మోడల్‌లో ఏం పెట్టాలన్న విషయంలో అది ఎవరినీ అడ్డుకోదు. డేటాబేస్ ఎంటిటీని, అంటే పట్టికలోని వరుసకు అద్దం పట్టే ఆబ్జెక్టును, నేరుగా పెట్టినా సరేనంటుంది. ఫారమ్ వైపు ఇది ఇంకా ముఖ్యం: ఫారమ్ విలువలను నేరుగా సభ్యుడి ఎంటిటీలోకి బైండ్ చేస్తే, పేజీలో లేని ఫీల్డును, ఉదాహరణకు 'అడ్మిన్' అనే గుర్తును, రిక్వెస్ట్‌లో చేర్చి ఎవరైనా మార్చేయవచ్చు. అందుకని ప్రతి ఫారమ్‌కూ దాని ఫీల్డులు మాత్రమే ఉన్న చిన్న క్లాసు రాయండి. గీత బయటికి పోయే డేటాకు ఎంత అవసరమో లోపలికి వచ్చే డేటాకు కూడా అంతే అవసరం.

ఇక దాని కింద వాడే టెంప్లేట్ ఇంజిన్లు. థైమ్‌లీఫ్‌లో టెంప్లేట్ అంటే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలే, అట్రిబ్యూట్లలో సూచనలు ఉంటాయి. సర్వర్ లేకుండా బ్రౌజర్‌లో తెరిస్తే నమూనా డేటాతో పేజీ కనిపిస్తుంది. డిజైనర్ ఉన్న టీమ్‌కు ఇది నిజమైన లాభం. మామూలు టెక్స్ట్ సూచన ఎస్కేప్ చేసే రాస్తుంది, చేయకుండా రాయాలంటే వేరే సూచన కావాలని అడిగి వాడాలి. కానీ స్ప్రింగ్‌తో కలిపితే దాని ఎక్స్‌ప్రెషన్లు స్ప్రింగ్ ఈఎల్ అవుతాయి, అంటే బీన్‌ను (స్ప్రింగ్ తయారుచేసి ఉంచే ఆబ్జెక్టును) పేరుతో పిలిచి దాని మెథడ్ నడపవచ్చు. టెంప్లేట్‌లోంచి సర్వీసును పిలిచిన కోడ్‌ను నేను కళ్లారా చూశాను. 2022లో వచ్చిన 3.1 వెర్షన్‌లో రిక్వెస్ట్, సెషన్ ఆబ్జెక్టులను ఎక్స్‌ప్రెషన్లలోంచి తీసేశారు, స్టాటిక్ క్లాసుల వాడకాన్నీ కట్టడి చేశారు. సరైన దారిలో పడిన అడుగు అది.

ఫ్రీమార్కర్ వేగంగా, స్థిరంగా ఉంటుంది. ఈమెయిళ్లకు, టెక్స్ట్ ఫైళ్లకు కూడా పనికొస్తుంది. మాక్రోలు, లెక్కలు, పోలికలు అన్నీ రాయనిస్తుంది, కాబట్టి క్రమశిక్షణ మీదే. ఆటో ఎస్కేప్ కావాలంటే ఫైలు పేరు చివర ఎఫ్‌టీఎల్‌హెచ్ అని ఉండేలా చూసుకోండి. వెలాసిటీ ఒకప్పుడు బాగా నడిచింది, స్ప్రింగ్ 5 నుంచి దానికి సపోర్ట్ తీసేశారు. జేటీఈ టెంప్లేట్లు జావా క్లాసులుగా కంపైల్ అవుతాయి, ఫీల్డు పేరు తప్పు రాస్తే బిల్డ్‌లోనే తెలుస్తుంది. క్వార్కస్ అనే ఇంకో జావా ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చే క్యూట్ కూడా టైపు చెప్పిన టెంప్లేట్లను బిల్డ్ సమయంలో తనిఖీ చేస్తుంది. టైపులు తెలియడం పార్ నాలుగో నియమానికి విరుద్ధమే, అయినా ఈ ఒక్కచోట నేను ఆయనతో ఏకీభవించను. పేరు మార్చినప్పుడు కంపైలర్ పట్టుకోవడం పెద్ద టీమ్‌లో ఎంతో సమయం మిగులుస్తుంది.

ఈ ఇంజిన్లలో ఐదు నియమాలకు బాగా దగ్గరగా ఉండేది మస్టాష్. అందులో పోలిక రాయడానికి వీల్లేదు, కూడిక లేదు, మెథడ్‌కు ఆర్గ్యుమెంట్ ఇవ్వడానికి కుదరదు. ఉందా లేదా అనే షరతు, జాబితా మీద తిరగడం, అంతే. మొదటి వారం చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి నిర్ణయమూ జావా వైపే చేరుతుంది, దానికి టెస్ట్ రాయడం కుదురుతుంది. అయితే ఒక జాగ్రత్త: తేదీ ఫార్మాట్ లాంటి ప్రెజెంటేషన్ పనులు కూడా జావా వైపు వచ్చేస్తాయి. వాటిని సర్వీసులో పెట్టకుండా, మధ్యలో పేజీ కోసమే ఉన్న వేరే క్లాసులో పెట్టాలి.

ఫేసెస్, అంటే పాత జేఎస్‌ఎఫ్, 2004లో ప్రమాణంగా వచ్చింది. 2009లో 2.0 వచ్చాక జేఎస్పీ బదులు ఫేస్‌లెట్స్ అనే టెంప్లేట్ పద్ధతి ప్రధానమైంది, 2022లో వచ్చిన ఫేసెస్ 4.0లో జేఎస్పీ సపోర్ట్ పూర్తిగా తీసేశారు. ఒక రిక్వెస్ట్ ఆరు దశలు దాటుతుంది: వ్యూను తిరిగి నిలబెట్టడం, వచ్చిన విలువలు తీసుకోవడం, సరిచూడటం, మోడల్‌లో పెట్టడం, అప్లికేషన్‌ను పిలవడం, పేజీ గీయడం. ఫారమ్‌లు ఎక్కువగా ఉన్న లోపలి అప్లికేషన్లకు ఈ క్రమం బాగా కుదురుతుంది, తప్పుడు విలువ మోడల్ దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. ఇక్కడ గీత చెరిగిపోయే చోటు పేజీ కాదు, పేజీ వెనక ఉండే జావా క్లాసైన బ్యాకింగ్ బీన్. తెర మీద ఏ ట్యాబ్ తెరిచి ఉందో అదే క్లాసులో, రుసుము లెక్కా అదే క్లాసులో చేరిపోతాయి. పైగా ఒక గెటర్‌ను ఫేసెస్ ఒకే రిక్వెస్ట్‌లో చాలాసార్లు పిలవవచ్చు. గెటర్‌లో డేటాబేస్ క్వెరీ పెట్టినవాళ్లకు ఇది తెలిసేసరికి పేజీ నత్తనడక నడుస్తుంటుంది.

పేజీ శుభ్రంగా ఉండాలన్నదే ఏకైక కొలమానమైతే వికెట్‌కు మించింది నాకు కనిపించలేదు. హెచ్‌టీఎంఎల్‌లో ఒక గుర్తింపు అట్రిబ్యూట్ తప్ప లూప్ కూడా రాయడానికి లేదు, మిగతాదంతా జావాలోనే. డిజైనర్ ఫైలును నిర్భయంగా మార్చవచ్చు. కానీ భారం జావా వైపు పడుతుంది. కాంపోనెంట్ల చెట్టు, హెచ్‌టీఎంఎల్ చెట్టు ఒకదానికొకటి సరిపోవాలి. పేజీ ఆబ్జెక్టులు రిక్వెస్ట్ తర్వాత కూడా నిల్వ ఉంటాయి, ఎంటిటీలను వాటిలో నేరుగా పట్టుకుంటే సెషన్ ఉబ్బుతుంది. అవసరమైనప్పుడు తెచ్చుకుని పని కాగానే వదిలేసే డిటాచబుల్ మోడల్స్ నేర్చుకోకుండా వికెట్ మొదలుపెట్టకండి.

వాడిన్‌లో తెర మొత్తం జావాలోనే రాయవచ్చు, టెంప్లేట్ అవసరమే ఉండదు. కాబట్టి టెంప్లేట్‌లో లాజిక్ అనే సమస్యా ఉండదు. కానీ బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్, రూల్స్ రాసే కోడ్ రెండూ జావానే కాబట్టి, రెంటి మధ్య గీత ప్యాకేజీలతో మీరే గీసుకోవాలి.

జేసన్ ఏపీఐ దారిలో విడదీయడం భౌతికంగానే జరిగిపోయిందని చాలామంది నమ్ముతారు. అంతే నమ్మకంతో రెన్యూ అర్హతను జావాస్క్రిప్ట్‌లో రెండోసారి రాస్తారు. నాకు జేఎస్పీలో జరిగిందే ఇక్కడ వేరే భాషలో జరుగుతుంది. గడువు తేదీ ఒక్కటే పంపకండి, 'రెన్యూ చేయవచ్చా' అనే జవాబు కూడా జేసన్‌లో పంపండి. రిక్వెస్ట్ తిరిగి వచ్చినప్పుడు సర్వర్ మళ్లీ తనిఖీ చేయాలన్నది ఎలాగూ తప్పదు.

అడుగు 5: కట్టిన పేజీల మీద ఈ పరీక్షలు పెట్టండి

మొదటిది, రెండో వ్యూ పరీక్ష. అదే ఖాతా సమాచారాన్ని సీఎస్‌వీ ఫైలుగా ఇవ్వండి. కొత్త వ్యూ ఒక్కటి రాస్తే సరిపోయిందా, లేక పేజీలో ఉన్న ఏదైనా లెక్కను మళ్లీ రాయాల్సి వచ్చిందా? మళ్లీ రాసిన ప్రతి లైనూ మొదటి పేజీలో దాక్కున్న అప్లికేషన్ లాజిక్కే. అన్ని పరీక్షల్లోకీ నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. సమయం లేకపోతే ఇదొక్కటైనా చేయండి.

రెండోది, దొంగ పరీక్ష. టీమ్‌లో ఒకరిని కూర్చోబెట్టి, రుసుము లెక్కను కావాలనే పేజీలో రాయమనండి. ఎంత సులువుగా రాయగలిగారో చూడండి. మస్టాష్‌లో కుదరదు. వికెట్ హెచ్‌టీఎంఎల్‌లో కుదరదు. ఫ్రీమార్కర్‌లో ఒక నిమిషం పని.

మూడోది టెస్టులకు సంబంధించింది. స్ప్రింగ్‌లో మాక్ ఎంవీసీతో సర్వర్ లేకుండా కంట్రోలర్‌ను నడిపి, వచ్చిన వ్యూ పేరు, మోడల్‌లోని విలువలు సరిచూడవచ్చు. థైమ్‌లీఫ్, ఫ్రీమార్కర్ పేజీలు అందులో పూర్తిగా తయారవుతాయి కూడా. జేఎస్పీ మాత్రం తయారవదు, దానికి నిజమైన సర్వ్‌లెట్ కంటైనర్ కావాలి. వికెట్‌కు దాని సొంత టెస్టర్ ఉంది. రెన్యూ బటన్ కనిపించకూడని సందర్భానికి ఒక టెస్ట్ రాయడానికి మీకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

పుస్తకం పేరులో స్క్రిప్ట్ ట్యాగు పెట్టి పేజీ తెరిచి చూడటం కూడా మర్చిపోకండి. ఏ ప్రత్యేక సెట్టింగూ పెట్టకుండానే అది ఒట్టి అక్షరాలుగా కనిపించాలి.

అడుగు 6: వెనకవైపు తలుపు మూయండి

టెంప్లేట్ ఎంత శుభ్రంగా ఉన్నా, దానికి హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) ఎంటిటీ ఇచ్చామంటే ఇంకో దారి తెరుచుకుంటుంది. పేజీలో 'సభ్యుడి పుస్తకాలు, వాటి రచయితలు' అని అమాయకంగా రాసిన లైను, తెర వెనక డేటాబేస్‌కు వెళ్లి ఒక్కో పుస్తకానికి ఒక్కో క్వెరీ నడుపుతుంది. పుస్తకాలు యాభై ఉంటే ముందు నడిచిన ఒక్కటీ కాక ఇంకో యాభై క్వెరీలు. టెంప్లేట్ డిజైన్ మార్చితే క్వెరీల సంఖ్య మారుతోందంటే, ఆ రెండూ విడిపోలేదని అర్థం.

పేజీ తయారయ్యేదాకా హైబర్నేట్ సెషన్‌ను తెరిచి ఉంచి ఈ క్వెరీలను నడవనిచ్చే ఓపెన్-ఇన్-వ్యూ అనే సెట్టింగ్ స్ప్రింగ్ బూట్‌లో మామూలుగా ఆన్‌లో ఉంటుంది, అప్లికేషన్ మొదలైనప్పుడు లాగ్‌లో దాని గురించి ఒక హెచ్చరిక కూడా వస్తుంది. దాన్ని మొదటి రోజే ఆఫ్ చేయండి. ఆఫ్ చేశాక, ముందే తెచ్చుకోని డేటాను పేజీ అడిగితే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. కంగారు పడకండి, మనకు కావలసింది అదే. గీత ఎక్కడ తెగిందో అది వేలు పెట్టి చూపిస్తోంది. నడుస్తున్న పాత అప్లికేషన్‌లో మాత్రం ఒక్కసారిగా ఆఫ్ చేయకుండా టెస్ట్ సర్వర్ మీద మొదలుపెట్టండి.

ఎంటిటీ బదులు ప్రతి పేజీకీ ఒక వ్యూ మోడల్, అంటే ఆ పేజీకి కావలసిన డేటా మాత్రమే ఉన్న క్లాసు, తయారు చేయండి. జావా 16 నుంచి స్థిరపడిన రికార్డులు దీనికి అతికినట్టు సరిపోతాయి: ఒకసారి తయారయ్యాక ఫీల్డులు మారవు కాబట్టి మొదటి నియమం చాలావరకు దానంతటదే నిలుస్తుంది. సభ్యుడి ఖాతా పేజీ పట్టికలో ఒక్కో వరుసకు పుస్తకం పేరు, గడువు తేదీ, గడువు దాటిందా, రెన్యూ చేయవచ్చా అనే నాలుగు ఫీల్డుల రికార్డు చాలు. పాత జేఎస్పీ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌కు రికార్డుల ఫీల్డులు నేరుగా అందవు, అక్కడ గెటర్లున్న మామూలు క్లాసు రాసుకోవాలి.

ఆ తర్వాత ఏ ప్యాకేజీ దేన్ని వాడుతోందో తనిఖీ చేసే ఆర్క్‌యూనిట్ లైబ్రరీతో రెండు టెస్టులు రాయండి: వెబ్ ప్యాకేజీ, డేటాబేస్‌తో మాట్లాడే రిపాజిటరీ ప్యాకేజీని తాకకూడదు, సర్వీస్ ప్యాకేజీ వెబ్ క్లాసులను తాకకూడదు. బిల్డ్ ఆగిపోతే ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

అడుగు 7: నిర్ణయం

కంటెంట్ ఎక్కువ, ఇంటరాక్షన్ తక్కువ ఉన్న సైటుకు, మామూలు బిజినెస్ అప్లికేషన్‌కు నేను స్ప్రింగ్ ఎంవీసీ తీసుకుంటాను. డిజైనర్ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు నేరుగా మారుస్తుంటే థైమ్‌లీఫ్, అందరూ జావా డెవలపర్లే అయితే జేటీఈ. టీమ్ పెద్దదై, కొత్తవాళ్లు తరచూ వస్తూ పోతూ ఉంటే మస్టాష్ కఠినత్వం ఇబ్బంది అనిపించదు, రక్షణ అనిపిస్తుంది. పొడవాటి ఫారమ్‌లు, గ్రిడ్లు ఉన్న సంస్థ లోపలి అప్లికేషన్ అయి, జకార్తా ఈఈ (సంస్థల అప్లికేషన్లకు ఉద్దేశించిన జావా ప్రమాణాలు) సర్వర్ ఇప్పటికే ఉంటే ఫేసెస్ మంచి ఎంపికే. టీమ్‌లో జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు లేకపోతే వాడిన్ చూడండి. ఒకే డేటా మొబైల్ యాప్‌కు కూడా కావాలంటే ఏపీఐ దారి ఎలాగూ వేయాల్సిందే. జకార్తా ఎంవీసీ 2020లో ప్రమాణమైంది, రెస్ట్ రిసోర్సుల మీదే చక్కగా కూర్చుంటుంది. కానీ జకార్తా ఈఈ ప్లాట్‌ఫామ్‌లో భాగం కాలేదు, అందుకే పెద్ద ప్రాజెక్టుకు నేను ముందుగా దాని పేరు చెప్పను.

ఏది తీసుకున్నా వెర్షన్ ఒకసారి చూసుకోండి. జకార్తా ఈఈ 9తో ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. స్ప్రింగ్ 6కు జావా 17, జకార్తా పేర్లు రెండూ తప్పనిసరి. పాత ట్యాగ్ లైబ్రరీ ఒకటి పట్టుకుని వేలాడితే మొత్తం అప్‌గ్రేడ్ అక్కడే ఆగిపోతుంది.

అడుగు 8: ఇప్పటికే పాత జేఎస్పీలో ఉంటే

మొత్తం ఒకేసారి తిరగరాయాలన్న ఉత్సాహాన్ని ఆపుకోండి. ముందు ఫ్రేమ్‌వర్క్ మార్చకుండానే విడదీయండి. విడదీయకుండా మార్చితే పాత చిక్కుముడే కొత్త సింటాక్స్‌లోకి వెళుతుంది. ఎక్కువగా మారుతూ ఉండే పేజీ ఒకటి తీసుకోండి. అందులోని స్క్రిప్ట్‌లెట్లన్నీ చదివి, మొదటి అడుగులో చేసినట్టు ఒక్కోదాన్నీ రూల్ అనో, చూపించే పని అనో గుర్తు పెట్టండి. రూల్స్‌ను సర్వీసులోకి తరలించేముందు, ఇప్పుడు పేజీ ఇస్తున్న ఫలితాలను టెస్టులుగా రాయండి. ఆ ఫలితం తప్పనిపించినా సరే, ముందు ఉన్నదున్నట్టు టెస్ట్ రాసి, తప్పును తర్వాత విడిగా సరిచేయండి.

తర్వాత ఆ పేజీకి ఒక సర్వ్‌లెట్ గానీ కంట్రోలర్ గానీ పెట్టి, వ్యూ మోడల్ తయారు చేసి జేఎస్పీకి ఇవ్వండి. జేఎస్పీ ఫైళ్లను వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపలికి మార్చండి, అప్పుడు కంట్రోలర్‌ను దాటేసి పేజీని నేరుగా అడ్రస్‌తో తెరవడం కుదరదు. ఆ పేజీలో స్క్రిప్ట్‌లెట్లు పూర్తిగా పోయాక, స్క్రిప్ట్‌లెట్లు చెల్లవనే సెట్టింగ్‌ను ఆ ఫోల్డర్ వరకు ఆన్ చేయండి. ఇలా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్. స్ప్రింగ్‌లో ఒకటి కంటే ఎక్కువ వ్యూ రిజాల్వర్లు పక్కపక్కనే ఉండవచ్చు, కాబట్టి పాత పేజీలు జేఎస్పీగానే నడుస్తుండగా, శుభ్రమైన పేజీలను ఒక్కొక్కటిగా థైమ్‌లీఫ్‌లోకి తీసుకెళ్లవచ్చు. జేఎస్పీ రిజాల్వర్‌ను మాత్రం వరుసలో చివర పెట్టండి, పేరు దొరికినా దొరకకపోయినా అది ప్రతి వ్యూనూ తనదే అనుకుంటుంది.